వీడియో మీద తకరారు

రాయచూరులోని ఒక డిగ్రీ కళాశాలలో నేను భౌతికశాస్త్రం బోధించాను. ఉద్యోగంలో చేరేనాటికి దగ్గర్లోని శక్తినగర్‌లో థర్మల్ కేంద్రం చిమ్నీలు ఇంకా లేస్తున్నాయి. విరమించేనాటికి వాటి పొగ లేని ఆకాశాన్ని మా విద్యార్థులెవరూ ఎరగరు. ఈ రెంటి నడుమ నేను చేసిన పనిని ఒక్క ప్రశ్నగా చెప్పవచ్చు: ఎదురుగా కూర్చున్న విద్యార్థికి విషయం తెలిసిందా, తెలిసినట్టు కనిపిస్తున్నాడా? అధ్యాపకుడి అసలు ఉద్యోగం ఈ రెంటినీ వేరు చేయడమే. తక్కిన హడావుడికి జీతం వస్తుంది గాని, దాన్ని బోధన అనలేము.

ఈ వృత్తిలోకి ఇప్పుడు వస్తున్నవారికి మొదటి వారంలోనే ‘మిశ్రమ బోధన’ అనే మాట వినబడుతుంది. పాఠంలో కొంత భాగాన్ని విద్యార్థి ఇంటి దగ్గర వీడియోలో చూస్తాడు. కొంత భాగం తరగతిలో ముఖాముఖి జరుగుతుంది. దాన్ని ఆకాశానికెత్తేవారి మాటలు నేను నమ్మలేదు. కొట్టిపారేసేవారి మాటలు కూడా నమ్మలేదు. పరీక్షించి చూశాను. ఆ ఒక్క సంవత్సరం నాకు కలిగినంత ఉత్సాహం మొత్తం ఉద్యోగకాలంలో మరెప్పుడూ కలగలేదు. కాబట్టి ప్రమోషన్ల సంగతి వదిలేసి, ఆ సంవత్సరం సంగతే రాస్తున్నాను.

ఎవరు చెప్పిండ్రు?

అంతకంటే ముందు, అనుమానించే అలవాటు నాకు ఎవరి వల్ల అబ్బిందో చెప్పాలి. మా మొదటి విభాగాధిపతి నారాయణరావు గారు పాత రాయచూరు మనిషి. నేను చేరిన కొత్తలో విద్యార్థులను థర్మల్ కేంద్రానికి తీసుకువెళ్లాను. మరునాడు తరగతిలో, బొగ్గులోని వేడిలో సుమారు మూడోవంతే కరెంటుగా మారుతుందని గంభీరంగా చెప్పాను. ఆయన వరండాలో నిలబడి విన్నారు. బయటికి రాగానే పట్టుకున్నారు.

“మూడోవంతని ఎవరు చెప్పిండ్రు?”

“అక్కడి ఇంజనీరు, సార్.”

“ఆయనకెట్ల తెలుసు?”

“లెక్క కట్టి ఉంటారు.”

“ఉంటారంటే ఏంది? నువ్వు కట్టినవా?”

“లేదు సార్.”

“మరి పిల్లలకెందుకు చెప్పినవు? నువ్వేమన్న పోస్టుమన్‌వా, ఆడిచ్చింది ఈడ ఇచ్చేతందుకు?”

కేంద్రానికి మళ్లీ వెళ్లి, బొగ్గు ఎంత వాడుతున్నారో, కరెంటు ఎంత పుడుతోందో అడిగి తెచ్చుకుని లెక్క కట్టాను. ఇంజనీరు చెప్పింది సరిగ్గానే ఉంది. ఆ మాటే చెబితే నారాయణరావు గారు తలెత్తకుండా, “ఇప్పుడు చెప్పుపో పిల్లలకు. ఇప్పుడది నీ మాట,” అన్నారు. ఆయన నాకు పాఠం చెప్పే పద్ధతి నేర్పలేదు. చెప్పకుండా ఆగవలసిన చోటు నేర్పారు. అదే ఎక్కువ కాలం పనికి వచ్చింది.

ఒక సంవత్సరం గడువు

నా ఉద్యోగం చివరి దశలో ప్రసాదరావు గారు ప్రిన్సిపాల్‌గా వచ్చారు. వారిది పోతనాళ వైపు. కాలువ నీళ్లు వచ్చాక కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఒక రోజు నన్ను పిలిచి, భౌతికశాస్త్రంతో సహా బీఎస్సీ మొదటి సంవత్సరం సబ్జెక్టులన్నిటికీ తయారైన వీడియో పాఠాలు దొరికాయని చెప్పారు.

“పిల్లలు ఇంటి దగ్గర చూసుకుంటారండీ. వారానికి రెండ్రోజులు కాలేజీకొస్తే చాలు. మీక్కూడా హాయి కదండీ!”

“చూస్తారని ఎట్ల తెలుసు సార్?”

“కంప్యూటర్ చెప్పేస్తుందండీ. ఎవరు ఎంతసేపు చూశారో లెక్కంతా పడిపోతుంది.”

“చూస్తే అర్థమవుతుందని ఎట్ల తెలుసు?”

“మీకు కాఫీ చెప్తానుండండి,” అన్నారాయన.

ఆయన ఉద్దేశం మంచిదే. పల్లెల నుంచి వచ్చే విద్యార్థులు, అందులోనూ ఆడపిల్లలు, రోజూ బస్సులో రాలేక మధ్యలో మానేస్తున్నారు. దానికొక దారి కావాలి. విశ్వవిద్యాలయం ఒక సంవత్సరం ప్రయోగంగా ఒప్పుకుంది. సంవత్సరాంతంలో కమిటీ వచ్చి చూస్తుంది. సరే అంటే కోర్సు కొనసాగుతుంది, కాదంటే అందరూ మళ్లీ రోజూ రావాలి. నాకు ఈ కొత్త తరగతిని అప్పగించారు. రోజూ వచ్చే రెగ్యులర్ తరగతి నా సహోద్యోగి వీరేశప్పది. ఇంట్లో కన్నడం, వీధిలో ఉర్దూ, స్టాఫ్ రూములో తెలుగు మాట్లాడే వీరేశప్ప మూడు భాషల్లోనూ ఈ పద్ధతిని తిట్టేవాడు.

“సుద్ద పట్టని చదువు చదువా సార్? ఒక్క సాల్ చూడండి. బోర్డు తిప్పేస్తరు.”

మొదటి దెబ్బ ఇంటర్నెట్ కొట్టింది. ఊళ్లలో వీడియో తెరుచుకోదు, తెరుచుకున్నా నడవదు. అప్పట్లో బస్టాండు దగ్గర మొబైల్ దుకాణాల్లో పాటలు, సినిమాలు మెమరీ కార్డుల్లో ఎక్కించి ఇచ్చేవారు. ప్రతి విద్యార్థికీ ఆ దుకాణం తెలుసు. పాఠాలన్నీ తీసుకువెళ్లి దుకాణదారు చాంద్‌పాషా చేతిలో పెట్టాను. ఆయన ఒక పాఠాన్ని కాసేపు చూసి జాలిపడ్డాడు.

“పాట లేదు, ఫైటింగు లేదు. ఎవరు ఎక్కించుకుంటరు సాబ్ దీన్ని?”

“పరీక్ష ఉన్నవాళ్లు.”

“అయితే ముందల రెండు పాటలు ఏసి, ఎన్కల పాఠం ఏస్తా. నడుస్తది.”

నడిచింది! ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెబుతాను. ఏ పద్ధతైనా కలకాలం నిలవాలంటే అది ఊళ్లో అప్పటికే నడుస్తున్న దారిలోకి ఎక్కాలి. దాని కోసం కొత్త దారి వేయవలసి వస్తే, ఆ దారి వేసినవాడు బదిలీ అయిన రోజున అది గడ్డిలో కలిసిపోతుంది.

యరగేరలో

కార్డులు ఎక్కించుకున్నారు సరే, చూస్తున్నారా? చూస్తున్నామని వాళ్లు చెప్పింది చాలక ఇళ్లకు వెళ్లాను. అలా యరగేరలో సుశీల ఇంటికి చేరాను. పెళ్లయ్యాక డిగ్రీలో చేరిన అమ్మాయి. భర్త శక్తినగర్ బొగ్గు యార్డులో కాంట్రాక్టు పనివాడు, షిఫ్టులకు వీలుగా అక్కడే గదిలో ఉంటాడు. ఇంట్లో అత్త ఉరుకుందమ్మ, రెండు బర్రెలు, కొంత చేను.

ఉరుకుందమ్మ నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

“ఈ సారేనా ఫోనుల కనిపించేది?”

“కాదత్తా, ఆయన వేరే. కోటేసుకొని ఉంటడు,” అంది సుశీల.

“ఆ కోటాయన మంచోడు సార్. ఇది కసువు ఊడ్చేటప్పుడు గూడ చెప్తనే ఉంటడు. నీళ్లడగడు, చాయడగడు.”

నాకు చాయ్ ఇచ్చింది. తరువాత సూటిగా విషయానికి వచ్చింది.

“వారంల రెండు దినాలంటేనే పంపుతున్న సార్. దినాము అంటే కుదరదు. చేనెవరు చూస్తరు, బర్రెలెవరు చూస్తరు? మీ చదువు రెండు దినాలదే గదా? రేపు మాట మార్చరు గదా?”

ఒక సంవత్సరం దాకా మారదని, తరువాతిది కమిటీ చేతిలో ఉందని చెప్పాను. అత్తాకోడళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. కమిటీ కాదంటే సుశీల చదువు ఆగిపోతుంది. ఈ సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రోజు నుంచి నాకూ తెలుసు.

అందరికీ ఒకే డిగ్రీ

మొదటి సెమిస్టరులో మార్కులు బాగా వచ్చాయి. ప్రసాదరావు గారు సంతోషించారు. నాకు మాత్రం అనుమానం పెరిగింది. అంతమంది అంత నున్నగా ఒకే వాక్యాలు రాస్తే, అవి వారి వాక్యాలు కావు.

ఏప్రిల్‌లో ఉష్ణం పాఠం వచ్చింది. వేడినీళ్లు చల్లారే తీరు చూసే ప్రయోగాన్ని ఇంటి దగ్గర చేయమన్నాను. ప్రయోగశాల నుంచి థర్మామీటర్లు ఇచ్చాను. పాదరసం ఇళ్లకు పంపే ధైర్యం లేక ఎర్ర ద్రవం ఉన్నవి ఎంచి, బస్సులో పగలకుండా ప్లాస్టిక్ పైపు ముక్కల్లో దూది పెట్టి పంపాను. గిన్నెలో వేడినీళ్లు పోయాలి, కాసేపటికొకసారి చూడాలి, నీళ్లు చివరికి ఎక్కడ ఆగాయో తెలుసుకోవాలి. వీడియోలో కోటు వేసుకున్న అధ్యాపకుడు చేసి చూపించాడు. ఆయన నీళ్లు ఇరవై ఏడు డిగ్రీల దగ్గర ఆగాయి. అది ఆయన గది ఉష్ణోగ్రత.

తరువాతి తరగతిలో ఒక్కొక్కరినీ పిలిచి, వాళ్లింట్లో నీళ్లు ఎక్కడ ఆగాయో బోర్డు మీద రాయమన్నాను. మొదటివాడు ఇరవై ఏడు రాశాడు. రెండోవాడూ ఇరవై ఏడే. బోర్డు నిండిపోయింది, అంకె మారలేదు. తరగతి గది గోడకున్న థర్మామీటర్ అప్పుడు నలభై చూపిస్తోంది.

“ఏప్రిల్ నెల. రాయచూరు జిల్లా. ఇరవై ఏడు డిగ్రీలు,” అన్నాను. “ఆ ఊరెక్కడో చెప్పండి. పెన్షన్ వచ్చాక అక్కడ ఇల్లు కట్టుకుంట.”

నవ్వులు లేచాయి, వెంటనే ఆగాయి. కల్లూరు నుంచి వచ్చే హనుమంతు లేచాడు.

“సార్, నాకు నలభై ఒకటి వచ్చింది. థర్మామీటర్‌కు ఎండదెబ్బ తగిలిందేమో అనుకున్న.”

సుశీల కూర్చున్న చోటు నుంచే అంది. “నాకు ముప్పై తొమ్మిది సార్. కొట్టేసిన.”

“ఎందుకు కొట్టేశావు?”

“ఆయన కోటేసుకొని చెప్పిండు. నేను వంటింట్ల చూసిన. ఎవరిది నిజమనుకుంటరు సార్?”

ఇన్నేళ్ల బోధనలో ఇంత ఖచ్చితమైన మాట నేను వినలేదు. వాళ్లు బద్ధకంతో కాపీ కొట్టలేదు. చాలామంది ప్రయోగం చేశారు, సరిగ్గానే చూశారు, సరైన అంకె చేతిలో పెట్టుకుని దాన్ని పారేశారు! తమ వంటింటి కంటే ఎక్కడో చల్లటి గదిని ఎక్కువ నమ్మారు.

వీరేశప్ప చెమట

ఈ సంగతి విని వీరేశప్ప సంబరపడ్డాడు.

“చెప్పలేదా సార్? వీడియో చదువు గిట్లనే ఉంటది. మా పిల్లలు ల్యాబుల నా కండ్ల ముందర చేస్తరు. గిట్ల చెయ్యరు.”

“చెయ్యరని ఎట్ల తెలుసు?”

“రేపొచ్చి చూడండి!”

వెళ్లాను. కొత్త మందు పనిచేసిందో లేదో తెలియాలంటే మందు తీసుకోనివారిని కూడా చూడాలి. ఇది విజ్ఞానశాస్త్రం చదివినవారందరికీ తెలుసు. చదువుల విషయంలో మాత్రం ఎవరూ పాటించరు. వీరేశప్ప పిల్లలు జంటలుగా నిలబడి నీళ్లు కాస్తున్నారు. ప్రతి జంట చేతిలో థర్మామీటర్ ఉంది. “మొదట గది ఉష్ణోగ్రత రాసుకోండి,” అన్నాడు వీరేశప్ప. అందరూ రాశారు. థర్మామీటర్ వైపు ఒక్కరూ చూడలేదు.

“ఎంత రాసిండ్రు?”

“ఇరవై ఏడు సార్.”

“ఇరవై ఏడు.”

“ఇరవై ఎనిమిది,” అన్నాడొకడు. వాడు కొంచెం స్వతంత్రుడు.

వీరేశప్ప జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. తరువాత పెద్దగా నవ్వాడు. “హౌదా? అవునా? ఇరవై ఏడు డిగ్రీలల్ల నాకెందుకు ఇంత చెమట పోస్తాంది సార్?”

ఆ అంకె పాఠ్యపుస్తకంలోని ఉదాహరణది. వీడియో చేసినవారి గదిలో కూడా అంతే ఉందో, వారు కూడా పుస్తకం నుంచే తీసుకున్నారో నాకు తెలియదు. ఏదైనా, తప్పు వీడియోది కాదు. వీడియో కంటే అది చాలా పాతది. రెగ్యులర్ తరగతిలో అందరూ ఒకే గదిలో ఒకే అంకె రాయడం వల్ల అది ఎవరి కంటా పడలేదు. వంటింట్లో ఒకరు, పశువుల కొట్టంలో ఒకరు, మేడ మీద ఒకరు చేసిన ప్రయోగాలకు ఒకే అంకె వచ్చినప్పుడే అది అబద్ధమని తెలిసిపోయింది. ఇంటికి పంపిన ప్రయోగం విఫలమై, కళాశాలలో దాగి ఉన్న వైఫల్యాన్ని బయటపెట్టింది. ఆ సాయంత్రం నేనూ వీరేశప్పా హోటల్‌లో కూర్చుని చిన్నపిల్లల్లా గట్టిగా మాట్లాడుకున్నాం.

తకరారు

మరుసటి తరగతి నుంచి ఒక నియమం పెట్టాను. వీడియో చూశావా అని ఎవరినీ అడగను. లోపలికి వచ్చే ప్రతి ఒక్కరూ వీడియో మీద ఒక ఆక్షేపణ తేవాలి. వీడియో చెప్పింది మీ ఇంట్లో ఎక్కడ కుదరలేదు? అది చెప్పాలి. ఆ గంటలో నేను పాఠం చెప్పను. ఆక్షేపణలను అందరం కలిసి విచారిస్తాం. పిల్లలు దీనికి ‘తకరారు’ అని పేరు పెట్టారు. మా వైపు పొలం గట్టు మీద వచ్చే పేచీకి వాడే మాట అది. అంతకంటే మంచి పారిభాషిక పదం నాకు దొరకలేదు.

మొదట్లో నాసిరకం తకరార్లు వచ్చాయి. “ఆయన గొంతు సన్నగుంది సార్” అన్నది ఒకటి. తరువాత గట్టివి మొదలయ్యాయి. నీళ్లు నూరు డిగ్రీల దగ్గర మరుగుతాయని వీడియో చెప్పింది, తనకు అంతకు కొంచెం తక్కువలోనే మరిగాయని హనుమంతు పేచీకి దిగాడు. థర్మామీటర్ తప్పని సగం తరగతి, నీళ్లలో ఉప్పుందని కొందరు. ఉప్పుంటే ఇంకా ఎక్కువలో మరగాలని సుశీల. సోడా దుకాణం నుంచి ఐసు తెప్పించి అందులో థర్మామీటర్ పెట్టారు, సరిగ్గా సున్నా చూపింది. మిగతా థర్మామీటర్లు పెట్టి నీళ్లు మరిగించారు, అన్నీ హనుమంతు పక్షానే చెప్పాయి. అప్పుడు నేను నోరు తెరిచి, రాయచూరు సముద్రమట్టానికి ఎంత ఎత్తున ఉందో చూడమన్నాను. ఎత్తు పెరిగేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. గంట కొట్టారు, ఎవరూ లేవలేదు. తరువాతి తరగతి అధ్యాపకుడు తలుపు దగ్గర దగ్గాడు.

సుశీల తకరారు ఆ తరువాతి వారం వచ్చింది.

“వేడినీళ్లు గది వేడి దాకా దిగి ఆగిపోతయని వీడియోల చెప్పిండు. గిన్నెల ఆగినయి సార్. మట్టికుండల ఆగలేదు. ఇంకా కిందికి పోయినయి. చానా కిందికి.”

“చూడటంలో పొరపాటేమో?”

“నేను గూడ అనుకున్న. మళ్ల చూసిన. మళ్ల గట్లనే. కుండ బయటికి చెమ్మ కారుతది గదా, అది ఆవిరైతాందేమోనని కుండకు ప్లాస్టిక్ కవరు సుట్టి గట్టిగ కట్టిన. అప్పుడు గది వేడి దగ్గర ఆగినయి.”

తరగతి చప్పట్లు కొట్టింది. కవరు చుట్టమని ఏ వీడియోలోనూ లేదు, నేనూ చెప్పలేదు. కుండలో నీళ్లు చల్లగా ఉంటాయని ఊరందరికీ తెలుసు. తెలిసిన దాన్ని ఒక నియమానికి ఎదురు నిలబెట్టి, కారణాన్ని ఊహించి, ఆ కారణాన్ని తీసేస్తే ఏమవుతుందో చూడటం వేరే పని. మేము నేర్పవలసింది ఆ పనినే.

నివేదిక

మే మొదట్లో కమిటీ వస్తోందని కబురు వచ్చింది. నేను నివేదిక రాసి ప్రసాదరావు గారికి ఇచ్చాను. ఆయన చదివి తలుపు వేశారు.

“ఆ ఇరవై ఏడు గొడవ ఇందులో ఎందుకండీ? మార్కులు బావున్నాయి. కుండ సంగతి బావుంది. అంతవరకూ ఉంచండి.”

“ఇరవై ఏడు లేకుండా కుండ ఎట్లా వచ్చిందో చెప్పలేం సార్.”

“పిల్లలంతా తప్పు రాశారని మనమే రాసిస్తే వాళ్లు ఒప్పుకుంటారేంటండీ? కోర్సు పోతుంది. యరగేర అమ్మాయి చదువు పోతుంది. మీ నిజాయితీ మాత్రం మిగులుతుంది. అదేనా మీకు కావాల్సింది?”

కొత్తగా వస్తున్నవారు గుర్తుంచుకోవాలి: సత్యం వైపు నిలబడటం సులువు, దానికి మూల్యం ఇంకొకరు చెల్లించవలసి వచ్చినప్పుడు తప్ప. కాబట్టి మూల్యం చెల్లించవలసిన మనిషినే అడిగాను. నివేదికలో ఏముందో, దాని వల్ల ఏం జరగవచ్చో సుశీలకు దాపరికం లేకుండా చెప్పాను.

“తీసేస్తే కోర్సు ఉంటదని ఖాయమా సార్?”

“ఖాయం కాదు.”

“ఉంచితే పోతదని ఖాయమా?”

“అదీ కాదు.”

“మరి రెండూ తెలువనప్పుడు ఉన్నదే రాయండి. ముప్పై తొమ్మిది ఒకపారి కొట్టేసిన. మళ్ల కొట్టెయ్యమంటే నాతోని గాదు.”

నివేదిక ఒక్క అక్షరం మారకుండా వెళ్లింది.

తూకం

కమిటీకి అధ్యక్షురాలు ఒక సీనియర్ ప్రొఫెసర్. బళ్లారిలో పెరిగినవారు కావడంతో తెలుగు వచ్చు. మార్కుల లెక్కలు చూపించబోయిన ప్రసాదరావు గారిని చేత్తోనే ఆపి, నా నివేదిక పైకెత్తారు.

“మీ కోర్సు ఫెయిలైందని మీరే రాసుకున్నారు.”

“ఏప్రిల్‌లో ఫెయిలైంది మేడం. రెగ్యులర్ తరగతి కూడా అదే వారంలో ఫెయిలైంది.”

“అది నా తరగతి,” అన్నాడు వీరేశప్ప వెనక నుంచి, ఎవరూ అడగకుండానే.

“ఈ కుండ ప్రయోగం చేసిన అమ్మాయి ఎవరు?”

సుశీల లేచింది. చేసిందంతా చెప్పసాగింది. కవరు దగ్గరికి రాగానే అధ్యక్షురాలు అడ్డుకున్నారు.

“కవరు కడితే చెమ్మ ఒక్కటే ఆగదు, గాలి తగలడం కూడా ఆగుతుంది. గాలి తగలక చల్లబడలేదేమో. ఆవిరే కారణమని నువ్వు ఎట్లా చెప్పగలవు?”

ఆ ప్రశ్న నాకు తట్టలేదు. తరగతిలో ఎవరికీ తట్టలేదు. సుశీల నా వైపు చూడలేదు. నేల చూసింది.

“తెలువదు మేడం,” అంది.

ప్రసాదరావు గారు కళ్లు మూసుకున్నారు.

“మీరన్నది గూడ కావచ్చు. చూడాలె. గాలితోని చల్లగైతే గాలంత చల్లగ కావాలె. గాలి కంటే కిందికెట్ల పోతది? అయినా... తూకమేస్తే తెలుస్తది మేడం. ఆవిరైతాంటే కుండ బరువు తగ్గుతది. తగ్గకుంటే నాది తప్పు.”

“వెయ్యి,” అన్నారామె, కుర్చీలోంచి లేస్తూ.

అందరం ప్రయోగశాలకు వెళ్లాం. సుశీల కుండ అక్కడే ఉంది. నీళ్లు నింపి, తడి పైకి ఊరేదాకా ఆగి, ఎలక్ట్రానిక్ త్రాసు మీద పెట్టింది. ఫ్యాను ఆపించింది. గాలి నెపం మీద రెండో తకరారు రాకూడదని. అధ్యక్షురాలు కళ్లద్దాలు సవరించుకుని త్రాసు అంకెల మీదకు వంగారు. మే నెల ఎండ, పొడి గాలి. చివరి అంకె కదిలింది. ఒకటి తగ్గింది. మరొకటి. మా కళ్ల ముందే కుండ తేలికైపోతోంది! వీరేశప్ప పైకే లెక్కపెట్టసాగాడు. హనుమంతు కవరు కట్టిన కుండ తెచ్చి పెట్టాడు. దాని అంకె పెట్టిన చోటే నిలిచింది. కమిటీలో రెండో సభ్యుడు, అంతదాకా నోరు తెరవని మనిషి, “తడి గుడ్డ చుట్టి చూద్దామా?” అన్నాడు. భోజనానికి రమ్మని పిలిచిన ప్రిన్సిపాల్‌ను ఎవరూ పట్టించుకోలేదు.

చివరికి అధ్యక్షురాలు నడుము నిటారుగా చేసుకుని నాతో అన్నారు. “మా దగ్గర పీజీ పిల్లల నోట ‘తెలియదు’ అన్న మాటే రాదు. కోర్సు కొనసాగించండి. ఈ బ్యాచి డిగ్రీ పూర్తయ్యేదాకా మేము మళ్లీ అడగం. రెగ్యులర్ తరగతికి కూడా ఈ తకరారు పెట్టండి.”

వరండాలో ఉరుకుందమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పరీక్ష కోడలికో, కోర్సుకో తేల్చుకోలేక తానే బస్సెక్కి వచ్చింది. అధ్యక్షురాలిని చూసి లేచింది.

“ఏమాయె మేడం? పాసా, ఫేలా?”

“మీ కోడలికి కాదమ్మా పరీక్ష, ఈ పద్ధతికి. పాసైంది. ఇంకా రెండేళ్లు వారానికి రెండు రోజులే.”

“రెండేండ్లా!” ఉరుకుందమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. “ఇది ఈడికొచ్చిన దినం ఒక బర్రె నాకు పాలియ్యకుండె మేడం. తన్నింది గూడ. ఇప్పుడిప్పుడే నా చేతికి అలవాటైతాంది. సరే, కానీయండి. మూడో దినం మాత్రం అడగొద్దు.”

అధ్యక్షురాలు నా వైపు తిరిగారు. కోర్సు నిలబడటానికి ఏమేం కావాలో నివేదికలో రాశాను. మెమరీ కార్డులు, థర్మామీటర్లు, వారానికి రెండు తరగతులు. “ఈమె అందులో లేరు,” అన్నారు.

“లేరు మేడం.”

“చేర్చండి.”

కిటికీ గట్టు మీద కాగితం పెట్టి రాయడం మొదలుపెట్టాను. ఉరుకుందమ్మ దగ్గరికి వచ్చింది.

“ఏం రాస్తున్నరు సార్?”

“మీ పేరమ్మా. ఈ చదువు ఎవరి మీద నిలబడి ఉందో రాయమన్నారు.”

“అట్లయితే బర్రెల పేర్లు గూడ రాయండి. ఒకటి గౌరి, ఒకటి లచ్చి. తన్నింది గౌరి.”

రాశాను.